మూరెడు పట్టీ

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరం పక్కకు తిరిగి నడవడం నేర్చుకున్నాం. హాలు పదకొండు అడుగులు, పడవ తొమ్మిదిన్నర. వంటగదిలోకి వెళ్ళాలంటే గోడకు వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి, పీతలా జరగాలి. పిట్టకు మాత్రం ఆ బాధ లేదు. పడవను నిలబెట్టిన స్టూళ్ళ మధ్య నుంచి దూరి అవతల తేలేది.

పిట్ట మా అమ్మాయి. ఆరేళ్ళు. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోరు మూతపడదని వాళ్ళ నాన్న వసపిట్ట అని పిలిచేవాడు. అది అరిగి అరిగి పిట్ట అయింది.

మా ఆయన తలుపులు చేసే కార్ఖానాలో పనివాడు. చలికాలం చివర్లో రంపం మిషను ఆయన ఎడమ చేతి చిటికెన వేలినీ, దాని పక్క వేలినీ తీసుకుంది. గాయం మానేదాకా ఇంటిపట్టున ఉండమన్నాడు యజమాని. గాయం మానింది గాని మనిషే మానలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. కంచం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఉలీ చిత్రికా ఉన్న పెట్టెను మంచం కిందకు తోసేసి, కనబడకుండా దానిమీద పాత గుడ్డ కప్పాడు.

ఒకరోజు పిట్ట ఆయన చెయ్యి పట్టుకుని తిప్పితిప్పి చూసింది.

"నాన్నా, ఆ రెండు వేళ్ళూ ఎక్కడికి పోయాయి?"

"పని వెతుక్కోవడానికి."

"మరి మిగతా మూడూ ఎందుకు ఖాళీగా కూర్చున్నాయి?"

ఆయన నవ్వాడు. నెలన్నర తర్వాత నేను విన్న మొదటి నవ్వు అది. మర్నాడే కార్ఖానాకు వెళ్ళి, పనికిరావని పక్కన పడేసిన ప్లైవుడ్ రేకులు ఆరు తెచ్చాడు. కొండల దగ్గర ఒకదానికొకటి ఆనుకుని మూడు సరస్సులు ఉన్నాయి. అక్కడొక అతిథి గృహానికి తలుపులు బిగించడానికి వెళ్ళినప్పుడు తెరచాప పడవల్ని చూసి వచ్చాడట. ఎప్పట్నుంచి మనసులో పెట్టుకున్నాడో, కొలతలన్నీ నోటికే చెప్పాడు.

ఆడబిడ్డ దగ్గర ఉండే అత్తయ్య, కొడుకును చూడడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంట్లో కాళ్ళు చాపుకోవడానికి చోటు లేదు, ఓడ కడుతున్నావట్రా?"

"ఓడ కాదమ్మా, పడవ."

"మునగడానికి ఏదైతేనేం. అసలు ఈ గుమ్మంలోంచి బయటికి పోతుందా అది?"

"పదిహేనేళ్ళు గుమ్మాలు కొలిచిన వాణ్ణి. దీనికి రెండంగుళాలు తక్కువే ఉంచాను."

అత్తయ్య ఆ మాటకు నోరు మూసుకుంది గాని, వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "వాడు లేచి కూర్చున్నాడు, అది చాలు. కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా. పిల్ల సంగతి నువ్వు చూసుకుంటావని నాకు తెలుసు. ఆ ఒక్క విషయంలో నాకు దిగుల్లేదు."

నిజమే, పిల్ల సంగతి నేను చూసుకున్నట్టు ఎవరూ చూసుకోరు. గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు వెనక్కి వచ్చి చూస్తాను. ద్రాక్షపండు కూడా నాలుగు ముక్కలు చేసి గాని దాని నోట్లో పెట్టను. బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే రోడ్డు మీద ఏయే బళ్ళు తిరుగుతాయో అన్నీ నా కళ్ళముందు తిరుగుతాయి. "దీని మనసు ఎప్పుడూ అంబులెన్సులోనే కూర్చుని ఉంటుంది" అని మా ఆయన వెక్కిరించేవాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన దాన్ని, నాకున్న తెలివంతా ఏం జరగబోతుందో ఊహించుకోవడానికే సరిపోయేది.

తెరచాప కుట్టింది నేనే. నేను ఇంట్లో మిషను మీద బ్యాగులు కుట్టేదాన్ని. కంపెనీవాళ్ళు కత్తిరించిన ముక్కలు పంపిస్తే, కుట్టి తిరిగి పంపాలి. మందపాటి గుడ్డ మీద నా కుట్టు వంకర పోదు. మా ఆయన డాబా మీద సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీత వెంట మోకాళ్ళ మీద పాకుతూ నాలుగు రోజులు కుట్టాను. తెల్లగుడ్డ చాలకపోతే కింద నీలం పట్టీ వేశాను. ఆయన మూడు వేళ్ళతో కుట్టును తడుముతూ చివరిదాకా వెళ్ళి, "గాలికి గుడ్డ చిరగాలే గాని నీ కుట్టు ఊడదు" అన్నాడు. మా పెళ్ళయ్యాక ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందంటే, ఆ తెరచాప ఎక్కడికి పోతుందో, దానికింద ఎవరు కూర్చుంటారో కూడా కాసేపు మర్చిపోయాను.

గుర్తు చేసింది పిట్టే. "నేను ముందు కూర్చుంటానా, మధ్యలో కూర్చుంటానా నాన్నా?"

"నువ్వు ఒడ్డున కూర్చుంటావు, నా పక్కన" అన్నాను.

"దానికోసమే కదే కడుతున్నది" అన్నాడాయన.

"దానికి ఈత రాదు."

"నాకు వచ్చు. కాలవగట్టున పెరిగాను. లైఫ్ జాకెట్ వేస్తాం. నువ్వు కూడా ఎక్కు, పక్కనే ఉండి పట్టుకో."

"నేను ఎక్కను."

"అయితే నన్నేం చెయ్యమంటావు? మళ్ళీ గోడవైపు తిరిగి పడుకోమంటావా?"

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నేను మంచం వైపు చూశాను, పడవ వైపు చూశాను. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అయింది.

పడవ గుమ్మంలోంచి ఎక్కడా తగలకుండా బయటికి వచ్చింది. ఆదివారం పొద్దున్నే కార్ఖానా బండి మీద వేసుకుని సరస్సుకు తీసుకుపోయాం.

అక్కడ అద్దె పడవల్ని చూసుకునే పెద్దాయన ఒకడున్నాడు. ఎండకు కమిలిన మొహం, మోకాళ్ళదాకా మడిచిన ప్యాంటు. మా పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలితో కొట్టి చూశాడు.

"తలుపు చెక్కలా?"

"తలుపు చెక్కలే" అన్నాడు మా ఆయన.

"తలుపైతే తట్టి చూడాలి. పడవైతే తడిపి చూడాలి. పట్టండి."

తడిపి చూశాం. గంటసేపటికి అడుగున గరిటెడు నీళ్ళు కూడా చేరలేదు. పెద్దాయన తల పంకించి, తన పాకలోంచి చిన్నపిల్లల లైఫ్ జాకెట్ ఒకటి తెచ్చి పిట్టకు తొడిగాడు. నారింజ రంగుది, దాని గడ్డందాకా వచ్చింది.

అది వసంతకాలం. కొండల నీడ నీళ్ళలో తలకిందులుగా కదలకుండా ఉంది. రెల్లు మధ్య నుంచి తెల్లకొంగలు లేచి మళ్ళీ అక్కడే వాలుతున్నాయి. పడవ ఒడ్డు వదిలింది, తెరచాప ఒకసారి పటపటా కొట్టుకుని నిండింది. నేను కుట్టిన నీలం పట్టీ నిటారుగా నిలబడింది. మా ఆయన చుక్కాని పట్టుకుని వెనక్కి వాలి కూర్చున్నాడు. మూడు వేళ్ళ చేతిలో తెరచాప తాడు. ఆ మొహం చూస్తే, నెలన్నరపాటు గోడవైపు తిరిగి పడుకున్నది ఇంకెవరో అనిపించింది.

పిట్ట గొంతు నీళ్ళ మీదుగా వస్తూనే ఉంది. మాటలు తెలియడం లేదు గాని ఆగడం లేదు. అది వినబడుతున్నంతసేపు నాకు ఊపిరి ఆడేది. గాలి అటు మళ్ళి ఒక్క క్షణం వినబడకపోతే లేచి నిలబడేదాన్ని.

అలా నాలుగు ఆదివారాలు. నాలుగోసారి అది నీళ్ళను ముట్టుకోవడానికి పడవ అంచు మీదుగా వంగింది. నడుముదాకా బయటికి వంగింది. మా ఆయన కాలితో దాని గౌను అంచు తొక్కిపట్టి, నవ్వుతూ లోపలికి లాగాడు. వాళ్ళకు అది ఆట. నాకు మాత్రం ఆ వారమంతా మిషను తొక్కుతున్నా, గిన్నెలు తోముతున్నా అదే కళ్ళముందు. వంగడం. జారడం. నారింజ రంగు జాకెట్ ఒక్కటే ఖాళీగా తేలడం.

ఐదో ఆదివారం పెద్దాయనను అడిగాను.

"చిన్నపిల్లలు పడిపోకుండా పడవకు తాడుతో కట్టొచ్చా తాతా?"

ఆయన వల సరిచేసుకుంటున్నవాడు తలెత్తాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఊరికే అడిగా."

"నీళ్ళ మీద ఎవర్నీ దేనికీ కట్టకూడదు తల్లీ. పడినవాళ్ళను తీసుకోవచ్చు. జాకెట్ తేలుస్తుంది. పడవ తిరగబడితే కట్టినవాళ్ళను ఎలా తీస్తాం?"

"మా పడవ తిరగబడుతుందా?"

"ఏ పడవైనా తిరగబడుతుంది. అందుకే కట్టకూడదు."

విన్నాను. విని, తలూపాను. కాని నా కళ్ళతో చూసింది పిట్ట వంగడం. పడవ తిరగబడడం నేను చూడలేదు. తొమ్మిదిన్నర అడుగుల పడవ, ఇద్దరు మగవాళ్ళు ఎత్తలేని పడవ, మా ఆయన చేతులతో చేసిన పడవ ఎలా తిరగబడుతుంది? పెద్దాయన అద్దె పడవల సంగతి చెబుతున్నాడులే అనుకున్నాను. భయం ఒకదాని మీద కూర్చుంటే ఇంకోదానికి చోటివ్వదు.

ఆ వారం బ్యాగుల పట్టీ మూరెడు ముక్క మిగిలింది. వీపుకు తగిలించుకునే బ్యాగులకు వేసే నల్లటి గట్టి పట్టీ. మామూలుగా దానికి బకిల్ వేస్తాం. బకిల్ మీద మాత్రం నాకు నమ్మకం లేదు. కంపెనీకి తిరిగొచ్చే బ్యాగుల్లో సగం బకిల్ విరిగినవే, వాటిని విప్పి మళ్ళీ కుట్టేది నేనే. అందుకని బకిల్ మానేశాను. ఇంకో ముక్కను పిట్ట నడుము చుట్టూ, గౌను లోపల, బెల్టులా చుట్టి, చివర్లు కలిపి సూదీ దారంతో దాని ఒంటి మీదే కుట్టేశాను. నలుచదరంగా నాలుగువైపులా, మధ్యలో ఐమూలగా రెండు వరసలు. బరువు బ్యాగులకు అలాగే కుడతాం. ఆ మూరెడు పట్టీని ఆ బెల్టుకు వెనకవైపు కుట్టాను. గౌనుకు వెనక ఉన్న చీలికలోంచి దాని చివర బయటికి వచ్చేలా చేశాను.

"చక్కిలిగిలి అవుతోందమ్మా. ఇదేంటి?"

"నీకు తోక. పిట్టకు తోక ఉండొద్దూ?"

"నాన్నకు చూపిస్తా."

"వద్దు." గట్టిగానే అన్నాను. ఉలిక్కిపడింది. గొంతు తగ్గించి, దాని రెండు బుగ్గలూ పట్టుకుని చెప్పాను. "నాన్నకు చెప్పకూడదు. నాన్న ఏం అడిగినా సరే, దీని గురించి నోరు విప్పకు. ఇది నీకూ నాకూ మధ్య. చెప్పావంటే ఇంక పడవ ఎక్కనివ్వను. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టింది. దానికి పడవంటే ప్రాణం.

సరస్సు దగ్గర పిట్టను ఎత్తి మధ్యబల్ల మీద కూర్చోబెట్టేది నేనే. మా ఆయన తెరచాప ఎత్తుతూ అటు తిరిగి ఉంటాడు. దాని వెనక చెయ్యి పెట్టి, పట్టీ చివరను బల్లకిందున్న అడ్డకొయ్యకు చుట్టి రెండు ముళ్ళు వేసేదాన్ని. తిరిగొచ్చాక కూడా నీళ్ళలో మోకాళ్ళదాకా దిగి, దాన్ని దించే వంకన ముడి విప్పేదాన్ని. "ఇప్పుడు భయం తగ్గినట్టుందే, నీళ్ళలోకి దిగుతున్నావు" అని మురిసిపోయాడు మా ఆయన. ఇంటికొచ్చాక స్నానం చేయించేటప్పుడు ఆ బెల్టు కుట్టు కోసేసి, మళ్ళీ ఆదివారం పొద్దున కుట్టేదాన్ని.

నిజంగానే భయం తగ్గింది. అలా కట్టిన మొదటి రెండు ఆదివారాలూ ఒడ్డున చెట్టుకు ఆనుకుని కూర్చుని, నా బతుకులో మొదటిసారి కొండల్ని చూశాను. నీళ్ళ రంగు ఎన్నిసార్లు మారుతుందో చూశాను. ఎంత అందమైన చోటు అది.

మూడో ఆదివారం గాలి ఎక్కువగా ఉంది. పెద్దాయన ఆకాశం చూసి, "దగ్గర్లోనే తిప్పుకురా, మధ్య సరస్సుకు పోవద్దు" అన్నాడు. మా ఆయన సరేనన్నాడు, దగ్గర్లోనే తిప్పాడు. ఆయన తప్పేమీ లేదు. ఈ మాట ఎక్కడైనా సరే చెబుతాను. రెండు కొండల సందులోంచి గాలి ఒక్కసారిగా విసిరింది. నీళ్ళ మీద నల్లటి చార ఒకటి పరిగెత్తుకుంటూ రావడం నాకు కనిపించింది. ఆయన తాడు వదిలేశాడు. తెరచాప కొయ్య అటు నుంచి ఇటు కొట్టుకుంది. పడవ ఒక పక్కకు పడుకుంది, కాసేపు అలాగే ఆగింది. తర్వాత మెల్లగా, తొందర లేనట్టు, పూర్తిగా బోర్లా పడింది.

ఆయన తల నీళ్ళమీదికి వచ్చింది. చుట్టూ చూస్తున్నాడు. పిట్ట టోపీ పసుపుపచ్చది, దూరంగా తేలిపోతోంది. ఆయన దానివైపు ఈదడం మొదలుపెట్టాడు.

జాకెట్ వేసుకున్న పిల్ల తేలుతుంది. ఆయనకు తెలిసింది అంతే. అది ఎక్కడుందో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు.

అరిచాను. పడవ కింద, పడవ కింద అని అరిచాను. గాలి నా మీదకే వీస్తోంది, మాట నా నోటి దగ్గరే పడిపోయింది. ఆయన టోపీ అందుకుని, ఎత్తి చూసి, మళ్ళీ చుట్టూ వెతుకుతున్నాడు. నేను గుండెల లోతుదాకా నీళ్ళలోకి వెళ్ళిపోయాను. పెద్దాయన తెడ్ల పడవ తోసుకుంటూ నా పక్కకు వచ్చాడు.

"కట్టేశాను తాతా" అన్నాను. "బల్లకు కట్టేశాను."

ఆయన నా మొహంలోకి ఒక్కసారి చూశాడు. తెడ్లు వేశాడు. దగ్గరికి పోతూనే పడవ కింద చూడమని కేక పెట్టాడు, మా ఆయనకు వినిపించింది. ఆయన వెనక్కి తిరిగి, పడవ దగ్గరికి వచ్చి, మునిగాడు. మళ్ళీ పైకి రాలేదు. పెద్దాయన నడుముకున్న కత్తి నోట కరుచుకుని దిగాడు. నీళ్ళ మీద బోర్లా పడిన పడవ, పక్కన ఖాళీ తెడ్ల పడవ, ఇంకేమీ లేవు. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత ఒకరోజు తెలిసింది.

ముగ్గురూ పైకి వచ్చారు. పిట్ట పెదాలు నల్లగా అయిపోయి ఉన్నాయి. ఒడ్డున పెద్దాయన దాన్ని బోర్లా తిప్పి వీపు చరిస్తే నీళ్ళు కక్కింది, దగ్గింది, కళ్ళు తెరిచింది. ఏడవలేదు. తెగిన పట్టీ దాని వెనక వేలాడుతోంది. అప్పటికే నలుగురు పోగయ్యారు.

"ఎవరయ్యా పిల్లను కట్టింది?" అని ఎవరో అడిగారు.

"నేనే" అన్నాడు మా ఆయన. వగరుస్తూ, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని అన్నాడు. "పడిపోతుందని నేనే కట్టాను."

పెద్దాయన నావైపు చూశాడు. నేను పిట్ట పాదాలు రుద్దుతున్నాను. రుద్దుతూనే ఉన్నాను.

ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు. చెవులు బాగున్నాయి, గొంతు బాగుంది. మాట మాత్రం లేదు. ఏం అడిగినా తలూపుతుంది, లేదంటే గోడవైపు చూస్తుంది. "భయపడింది, కొన్నాళ్ళు పడుతుంది, బలవంతం చెయ్యకండి" అన్నాడు డాక్టరు. వారం, రెండు వారాలు, నెల. వానలు మొదలయ్యాయి. హాలు ఖాళీగా ఉంది. ఎటు కావాలంటే అటు తిరగొచ్చు, అయినా ముగ్గురం గోడ వెంబడే నడుస్తున్నాం. పడవను ఒడ్డునే బోర్లా వదిలేసి వచ్చాం.

మా ఆయన కార్ఖానాకు మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాడు. రావడం, చెయ్యి కడుక్కోవడం, పిట్ట పక్కన కాసేపు కూర్చోవడం, పడుకోవడం. ఆయనతో ఆ సంగతి ఎత్తాలని రోజూ అనుకునేదాన్ని. నోటిదాకా వచ్చేది. ఆయనకు నిజంగా తెలుసో లేదో, తన చేత్తోనే కట్టినట్టు నమ్మేశాడేమో, అలా కూడా ఆలోచించాను. మనసుకు దాక్కోవడానికి చోటు దొరికితే ఎన్నాళ్ళైనా దాక్కుంటుంది. డాక్టరు భయం అన్నాడు, మా ఇరుగుపొరుగు దిష్టి అన్నారు. దాని రెండు బుగ్గలూ పట్టుకుని నోరు విప్పకు అన్నది ఎవరో నాకు తెలుసు. ఒకసారి ఇద్దరమే ఉన్నప్పుడు "ఇంక చెప్పొచ్చే తల్లీ, అమ్మ ఏమీ అనదు" అన్నాను. అది తలుపు వైపు చూసింది. నాన్న ముందు నేను చెప్పలేదుగా. దానికి నా మాట చాలలేదు.

అత్తయ్య వచ్చింది. వచ్చిన రోజే కొడుకును నిలబెట్టి కడిగేసింది.

"వేళ్ళతోపాటు బుద్ధి కూడా తెగిపోయిందట్రా నీకు? పసిపిల్లను గొడ్డును కట్టినట్టు కడతావా?"

ఆయన తల వంచుకుని విన్నాడు.

"మాట్లాడవేం?"

"ఏం మాట్లాడమంటావమ్మా. అయిపోయింది."

"అయిపోయిందా? బంగారంలాంటి పిల్ల మూగదైపోయి కూర్చుంటే అయిపోయిందంటావా?" నావైపు తిరిగింది. "నువ్వు చూస్తూ ఎలా ఊరుకున్నావమ్మా? అయినా నిన్ననుకుని ఏం లాభం, వీడు చెప్పి చేస్తాడా. నువ్వూ పిల్లా నాతో వచ్చెయ్యండి. కూతురింట్లో రెండు గదులున్నాయి. వీడి దగ్గర దీన్ని ఒక్క పూట కూడా ఉంచను."

నాకు టీ కలిపి ఇచ్చింది. నా తల నిమిరింది. నా పిల్లను నాకు దక్కించినందుకు ఆ దేవుడికి మొక్కింది. నేను ఆ టీ తాగాను. రెండు రోజులు ఆమె నన్ను ఓదార్చింది, నేను ఓదార్పించుకున్నాను. బట్టలు కూడా సర్దాను. ఇది దాచడానికి వీల్లేదు, సర్దాను.

మూడో రోజు పొద్దున బస్సు. వాన వెలిసింది. అత్తయ్య మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటోంది. మా ఆయన కార్ఖానాకు వెళ్ళకుండా తలుపు పక్కన నిలబడ్డాడు. పిట్ట ముందు ఒంగి దాని జుట్టు చెవి వెనక్కి సర్ది, "అమ్మ మాట విను" అన్నాడు. అంతే అన్నాడు. పిట్ట నావైపు చూసింది. అప్పుడు దాని పెదాలు గట్టిగా, పళ్ళతో పట్టుకున్నట్టు బిగిసి ఉండడం చూశాను. నెలన్నరగా అది అలాగే ఒట్టు నిలబెట్టుకుంటోంది.

బ్యాగు కింద పెట్టాను.

"అత్తయ్యా, ఆయన కట్టలేదు. నేను కట్టాను."

చెప్పు వేసుకోబోతున్న ఆమె కాలు అలాగే ఆగింది.

"కట్టొద్దని తాత చెప్పాడు. అయినా కట్టాను. విప్పడానికి వీల్లేకుండా కుట్టాను. ఆయనకు చెప్పకుండా కట్టాను, పిల్లను కూడా చెప్పొద్దన్నాను."

"ఏంటే నువ్వనేది?" కొడుకు వైపు తిరిగింది. "నీకు తెలుసా ఇది?"

"తెలుసు" అన్నాడాయన.

"ఎప్పట్నుంచి?"

"నీళ్ళలోనే. కుట్టు చేతికి తగిలింది."

"మరి నెత్తినెందుకు వేసుకున్నావురా?"

ఆయన మూడు వేళ్ళ చేతిని తలుపుకు ఆనించాడు. "అప్పటికే నేను పాడైపోయిన వాణ్ణి కదమ్మా. ఇంట్లో ఒక్కరైనా సరిగ్గా ఉండాలి గదా, అనుకున్నాను."

నేను నేల మీద కూర్చుని పిట్టను దగ్గరికి లాక్కున్నాను. "నాన్నకు చెప్పేశానమ్మా. చూశావుగా. ఇంక నీ ఒట్టు లేదు."

అది నా మొహం చూసింది, వాళ్ళ నాన్న మొహం చూసింది. గొంతు సవరించుకుంది, పెద్దవాళ్ళు సవరించుకున్నట్టు. తర్వాత మాట్లాడింది. గొంతు బొంగురుగా ఉంది, కాని వణకలేదు.

"లోపల పచ్చగా ఉంది. ముందు నేనొక్కదాన్నే ఉన్నా. అమ్మా అంటే నోట్లోకి నీళ్ళొచ్చాయి. తోక లాగుతోంది, పైకి పోనివ్వట్లేదు. తర్వాత నాన్న తల వచ్చింది. నా గడ్డం పట్టుకుని పైకెత్తాడు. అక్కడ కొంచెం గాలి ఉంది. నాన్న ఏమో, ఏది పట్టుకుందే నిన్ను, ఎక్కడ పట్టుకుందో చెప్పు, అన్నాడు. నేను చెప్పలేదు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ మళ్ళీ అడిగాడు. నేను చెప్పలేదు. నాన్న కిందకెళ్ళి వెతుక్కున్నాడు. వచ్చి, అంకెలు లెక్కపెట్టు అన్నాడు. నాకు వందదాకే కదా వచ్చు. వంద అయిపోతే మళ్ళీ ఒకటి నుంచి. అలా నాలుగు వందలు. తర్వాత తాత వచ్చాడు."

ఒక్క మాట వదలకుండా చెప్పింది. చెప్పడం అయ్యాక నా చేతుల్లోంచి మెల్లగా వెనక్కి జరిగి, నిలబడింది.

అత్తయ్య మెట్ల రెయిలింగు పట్టుకుని నిలబడింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వచ్చి పిట్ట ఎదురుగా కూర్చుని అడిగింది.

"నువ్వొక్కదానివే నాతో వస్తావా అమ్మా? ఇక్కడే ఉంటావా? నీ ఇష్టం. ఎవరూ ఏమీ అనరు."

"అమ్మ రాదా?"

"రాదు."

పిట్ట ఆలోచించింది. "వస్తా" అంది.

నేను మా ఆయన వైపు చూశాను. "వెళ్ళనీ" అన్నాడు మెల్లగా. "కొన్నాళ్ళు వెళ్ళనీ." బ్యాగులోంచి నా బట్టలు తీసి పక్కన పెట్టి, దాని బట్టలు మాత్రం ఉంచి, జిప్పు వేశాను. మెట్లు జాగ్రత్త అనబోయి ఊరుకున్నాను.

వాళ్ళు మెట్లు దిగుతున్నారు. మొదటి మలుపు దగ్గరే పిట్ట మాట మొదలైంది. బస్సులో కిటికీ సీటు ఎవరిది, అత్త ఇంట్లో పిల్లి ఉందా, ఆ పిల్లి కరుస్తుందా, వాన మళ్ళీ వస్తే గొడుగు ఎవరు పట్టుకుంటారు. నెలన్నరగా దాచుకున్నదంతా ఒకేసారి వస్తున్నట్టు ఆగకుండా వస్తోంది. అత్తయ్య ఊ కొడుతోంది. మేమిద్దరం కిటికీ దగ్గరికి వెళ్ళి, చెరో తలుపు పట్టుకుని నిలబడ్డాం. వీధి చివర మాటలు తెలియడం మానేశాయి. గొంతు ఒక్కటే వచ్చింది, వాళ్ళు మలుపు తిరిగేదాకా.